చెల్లు రాయించుకున్నారా?

(యువ ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మాట్లాడే ముందు మీ చేత ఒక పని చేయిస్తాను. ఫోన్లు తీయండి. మన దేశంలో జనం అప్పుల చిట్టా రాసే సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. ఏదో ఒకదాని సొంత వెబ్‌సైటు తెరవండి. పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశం, 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. డబ్బు కట్టమని పేజీ వస్తే వెనక్కి రండి. ఉచిత రిపోర్టు అని వేరే లింకు అక్కడే ఉంటుంది, కాస్త వెతకాలి. అప్పులు తీర్చే తీరును బట్టి ఆ కంపెనీ మనకిచ్చే మార్కును స్కోరు అంటారు. మన రిపోర్టు మనం చూసుకుంటే ఆ స్కోరు తగ్గిపోతుందని చాలామందికి భయం. తగ్గదు. రిపోర్టు వచ్చాక దాచి ఉంచండి, చివర్లో కలిసి చదువుదాం.

మా నాన్న వ్యవసాయం చేసేవారు. ఏటా తొలకరికి షావుకారు దగ్గర అప్పు, పంట ఇంటికొచ్చాక తీర్చడం. తీర్చడానికి వెళ్లే రోజున నన్ను వెంట తీసుకెళ్లేవారు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక వాళ్లిద్దరూ కాసేపు వానల గురించీ ధరల గురించీ మాట్లాడుకునేవాళ్లు. షావుకారు లోపలికి వెళ్లి అప్పు రాసుకున్న ప్రామిసరీ నోటు తెచ్చేవాడు. దాన్ని వెనక్కి తిప్పి, అసలూ వడ్డీ ఫలానా తేదీన ముట్టినది, చెల్లు అని రాసి సంతకం పెట్టేవాడు. మా నాన్న అది నా చేత పైకి చదివించేవారు. విన్న తర్వాతే లేచేవారు. ఒకసారి షావుకారు, నోటు ఎక్కడో పెట్టాను, రేపు పంపిస్తాలే అన్నాడు. మా నాన్న సరేనని అక్కడే అరుగు మీద కూర్చున్నారు. పొద్దు గూకేదాకా కూర్చున్నారు. నోటు దొరికింది.

మా నాన్నకు చదువు రాదు. అయినా డబ్బు కట్టడం ఒక పని, చెల్లు రాయించుకోవడం ఇంకో పని అని ఆయనకు తెలుసు. మనకు డిగ్రీలున్నాయి, నెట్‌బ్యాంకింగ్ ఉంది, డబ్బు క్షణంలో కడతాం. చెల్లు రాశారో లేదో మాత్రం చూడం. ముప్పై ఏళ్లు బ్యాంకులో లోన్ల సెక్షన్లో కూర్చుని, జనం ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే అని చూశాను. అందుకే ఈరోజు స్కోరు పెంచుకునే చిట్కాల కన్నా రిపోర్టు చదవడం గురించే ఎక్కువ మాట్లాడతాను.

మొదట ఈ చిట్టా ఎలా వచ్చిందో రెండు ముక్కలు. పూర్వం అప్పు పుట్టాలంటే ఊళ్లో మాట ఉండాలి. బ్యాంకు మేనేజరు కూడా నలుగురిని వాకబు చేసి ఇచ్చేవాడు. ఊరు మారితే ఆ మాట వెంట రాదు. ఒక బ్యాంకులో ఎగ్గొట్టినవాడు పక్క వీధి బ్యాంకులో దర్జాగా అప్పు తీసుకునేవాడు. దీనికి అడ్డుకట్టగా 2000 సంవత్సరంలో సిబిల్ మొదలైంది. 2005లో దీనికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పులిచ్చే ప్రతి సంస్థా నాలుగు కంపెనీల్లోనూ సభ్యత్వం తీసుకోవాలని 2015లో రిజర్వు బ్యాంకు చెప్పింది. అందరూ అన్నింటినీ సిబిల్ స్కోరు అనే అంటారు, వాడుకలో అలా స్థిరపడిపోయింది, మనమూ అలాగే అందాం.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే మంచిదని బ్యాంకుల్లో సాధారణంగా అనుకుంటాం. ఆ అంకె చూసి మురిసిపోయేవాళ్లున్నారు, కుంగిపోయేవాళ్లూ ఉన్నారు. కానీ లోను మంజూరు చేసే ఆఫీసరు స్కోరు చూసి ఆగిపోడు. కింద పేజీలు తిప్పుతాడు. ఆ పేజీల్లో మీ సేవింగ్స్ ఖాతాలో ఎంతుందో ఉండదు, మీ ఎఫ్‌డీలు ఉండవు, పొలం ఉండదు. అప్పులూ వాటి వాయిదాలూ మాత్రమే ఉంటాయి. లక్షల జీతం ఉండీ మతిమరుపుతో వాయిదాలు తప్పే మనిషి కన్నా, చిన్న జీతంతో తేదీ తప్పకుండా కట్టే మనిషి అక్కడ పెద్దమనిషి. నాకు ఆ పద్ధతిలో బాగా నచ్చే విషయం ఇదే.

ప్రతి అప్పు కిందా నెలల వారీగా చిన్న చిన్న గళ్లుంటాయి, మూడేళ్ల వరకు. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల బాకీ లేదని. 030 ఉంటే ముప్పై రోజులు ఆలస్యమని. ఎక్స్ అక్షరం మూడుసార్లు ఉంటే ఆ నెల వివరం బ్యాంకు పంపలేదని. అంతే, ఇంతకు మించి అందులో పెద్ద శాస్త్రం లేదు.

ఆ గళ్లు నేను మర్చిపోలేని విధంగా చూసిన రోజొకటుంది. రిటైరయ్యే ముందు ఏడాది. ఒక స్కూలు మాస్టారు ఇంటి లోనుకు వచ్చారు. ముప్పై రెండేళ్లుంటాయేమో. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఎక్కడా చేబదులు కూడా లేదు. ఇంటికి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటు రాసుకున్నారు. రిపోర్టు తీశాను. ఒక్కటే ఖాతా, ఒక క్రెడిట్ కార్డు. దాని గళ్లలో 030, 060, 090, 120, అలా మెట్లెక్కుతూ పోయింది. చివర రిటెన్ ఆఫ్ అని ఉంది. అంటే ఇక రాదని బ్యాంకు తన లెక్కల్లోంచి కొట్టేసిన అప్పు. మొత్తం పదకొండు వేల చిల్లర.

"నాకు కార్డే లేదు సార్" అన్నారాయన. నేను కార్డు నంబరు చివరి అంకెలూ తెరిచిన సంవత్సరమూ చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి మొహం పాలిపోయింది. బీఈడీ చదివేటప్పుడు కాలేజీ దగ్గర టేబుల్ వేసి ఎవరో సంతకం పెట్టించుకున్నారట. కార్డు హాస్టలుకు వచ్చిందట. భయపడి ఒక్కసారి కూడా వాడకుండా కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేశారట. దాంతో దాని పీడ పోయిందనుకున్నారు. ఖాతా మాత్రం బతికే ఉంది. రెండో ఏడాది వార్షిక రుసుము పడింది, అయిదువందలు, పైన పన్ను. దానికి లేటు ఫీజు, వడ్డీ, మళ్లీ వడ్డీ మీద పన్ను. ఉత్తరాలు పాత హాస్టలుకు వెళ్లాయి. సిమ్ మార్చారు కాబట్టి ఫోన్లూ అందలేదు.

ఆ ఫైలు తిప్పి పంపిన సంతకం నాదే. నిబంధనల ప్రకారం నాకు వేరే దారి లేదు. ఆయన ఆ కార్డు బ్యాంకుకు రాస్తే, ఒక్క కొనుగోలు కూడా జరగలేదని చూసి చివరికి ఆ బాకీ రద్దు చేశారు, రిపోర్టు సరిచేశారు. కానీ దానికి నాలుగు నెలలు పట్టింది. అగ్రిమెంటు గడువు మూడు నెలలు. ఇల్లు వేరేవాళ్లకు పోయింది. అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది. ఆయన కాలేజీ వదిలాక ఏ ఒక్క ఏడాదైనా రిపోర్టు చదువుకుని ఉంటే ఇది అయిదువందల్లో తేలిపోయేది.

ఇప్పుడు నిబంధనలు మెరుగయ్యాయి. 2022 జులై నుంచి రిజర్వు బ్యాంకు కార్డుల ఆదేశాలు అమల్లోకొచ్చాయి. అడగని కార్డు పంపకూడదు. కార్డు ఇచ్చిన ముప్పై రోజుల్లో మీరు యాక్టివేట్ చేయకపోతే మీ నుంచి ఓటీపీ అనుమతి తీసుకోవాలి, మీరు ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో ఖాతా మూసేయాలి. మీరే మూసేయమని అడిగినా, బాకీ లేకపోతే ఏడు పనిదినాలే గడువు. దాటితే రోజుకు 500 రూపాయల చొప్పున మీకివ్వాలి. కాబట్టి కత్తెర పట్టుకునే ముందు, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. మూసేశాం అన్న జవాబు దాచుకోండి. అదే చెల్లు.

ఇక కార్డు బిల్లు గురించి. మీ స్టేట్‌మెంటులో రెండు మొత్తాలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది. ఆ రెండో అంకె చూస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఒక లెక్క చెప్తాను, వేళ్ల మీద వేసుకోండి. బాకీ 50,000. మినిమం డ్యూ అయిదు శాతం అనుకుందాం, 2,500. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం, చాలా కార్డులకు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వడ్డీ 1,750. దాని మీద జీఎస్టీ పద్దెనిమిది శాతం, 315. రెండూ కలిపి 2,065. మీరు కట్టిన రెండున్నర వేలలో అసలుకు పోయింది 435 రూపాయలు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నోరెళ్లబెడతాం. ఇది మూడున్నర రూపాయలు, పైన పన్ను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మొత్తం కట్టకుండా కొంత మిగిలిస్తే, వడ్డీ లేని గడువు పోతుంది. ఆ నెల కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు మీద ఏమీ కొనకండి. మినిమం కడితే లేటు ముద్ర పడదు, అది నిజమే. ఒక కష్టం వచ్చిన నెల అలా గట్టెక్కండి, తప్పులేదు. రెండో నెలా అదే చేయాల్సి వస్తే ఆ అప్పును తక్కువ వడ్డీ లోనులోకి మార్చుకోండి. ఇంట్లో బంగారం ఉంటే తాకట్టు పెట్టి కార్డు తీర్చేయండి. బంగారం బ్యాంకులో పెట్టడం నామోషీ అనుకుని నలభై రెండు శాతం వడ్డీ కడుతున్న కుటుంబాలను చూసి బాధపడ్డాను.

తేదీ ఒక రోజు అటూ ఇటూ అయిందని కంగారు పడేవాళ్లకు ఒక ఊరట. కార్డు బిల్లు గడువు దాటి మూడు రోజుల కన్నా ఎక్కువ అయితేనే దాన్ని పాతబాకీగా రిపోర్టు చేయాలి, లేటు ఫీజు కూడా అప్పుడే. ఈఎంఐలకు మాత్రం ఈ మూడు రోజుల వెసులుబాటు లేదు. ఇంకా, 2025 జనవరి నుంచి అప్పులిచ్చేవాళ్లు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి. మీరు కట్టింది త్వరగా ఎక్కుతుంది, తప్పింది కూడా త్వరగానే ఎక్కుతుంది. కార్డు లిమిట్‌లో మూడో వంతుకు మించి ప్రతినెలా వాడుతుంటే కూడా స్కోరు మీద ప్రభావం ఉంటుంది. ఒకే నెలలో అయిదారు బ్యాంకులకు అప్లికేషన్లు పెడితే, ఆ ఎంక్వైరీలన్నీ రిపోర్టులో వరసగా కనిపిస్తాయి. చూసే ఆఫీసరుకు ఈ మనిషి ఎక్కడో ఇరుక్కున్నాడనిపిస్తుంది.

(సభలోంచి: "రికవరీ వాళ్లు సగం కడితే చాలు, సెటిల్ చేస్తామంటున్నారు. చేసుకోవచ్చా అండీ?")

మంచి ప్రశ్న అడిగారమ్మా. సగానికి ఒప్పుకుంటే ఆ ఖాతా ఎదురుగా క్లోజ్డ్ అని రాయరు. సెటిల్డ్ అని రాస్తారు. పూర్తిగా తీర్చలేదు, రాజీ కుదిరింది అని దానర్థం. చట్టం ప్రకారం ఈ కంపెనీలు వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. ఇంటి లోను ఫైలులో ఆ ఒక్క మాట చూసి పక్కన పెట్టినవి నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. నిజంగా కట్టలేని పరిస్థితి అయితే, ఆరోగ్యం పోయి, ఉద్యోగం పోయి, సెటిల్‌మెంటు తీసుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫోన్లో చెప్పిన మాట మీద మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రావాలి, డబ్బు మీ లోను ఖాతాకే వెళ్లాలి. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగిలిన మొత్తం కట్టి, క్లోజ్డ్‌గా మార్చమని అడగొచ్చు, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

హామీ సంతకాల గురించి చెప్పకుండా దిగలేను, ఎందుకంటే అది నా ఇంట్లోనే జరిగింది. మా పెద్దమ్మ కొడుకు వ్యాను కొనుక్కుంటూ గ్యారంటర్‌గా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. వరసకు అన్నయ్య, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకున్నవాడు, ఎలా కాదంటాను. ఒక ఏడాది కిరాయిలు లేక మూడు వాయిదాలు తప్పాడు. నాతో చెప్పడానికి మొహం చెల్లక దాచాడు. నా రిపోర్టులో నా అప్పులన్నీ సున్నాలతో శుభ్రంగా ఉన్నాయి, కింద గ్యారంటర్ అన్న ఖాతాలో 089 అని ఉంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుడిదీ అంతే. సాక్షి సంతకం లాంటిది కాదది. నేను ఆ మూడు వాయిదాలూ కట్టాను. మా మధ్య మాటలు ఆరు నెలలు సరిగా లేవు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ ఈఎంఐ నేను కట్టగలనా అని ముందు చూసుకుంటాను, కట్టగలిగితేనే పెడతాను. మీ పేరు కో-అప్లికెంట్‌గా ఉన్న ఇంటి లోన్లకూ ఇదే వర్తిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లు, మీ ఆయన తీసుకున్న లోనులో మీ పేరుంటే, అది మీ రిపోర్టులో మీ అప్పే. వాయిదాలు ఎలా వెళ్తున్నాయో మీరూ చూస్తుండండి.

(సభలోంచి: "నేనెప్పుడూ అప్పు చేయలేదండీ. స్కోరు లేదని బండి లోను ఇవ్వలేదు.")

చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి వచ్చినవాళ్లను తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లోనే ఉంది. ప్రభుత్వం పార్లమెంటులో కూడా ఇదే చెప్పింది. కాబట్టి తిరస్కరణకు కారణం రాసిమ్మని అడగండి బాబూ. ఈలోగా మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ వేసి, దాని మీద కార్డు తీసుకోండి. జీతం స్లిప్పులు లేనివాళ్లకూ ఇస్తారు. ప్రతినెలా మామూలుగా కొనే సరుకులు దాంతో కొని, బిల్లు మొత్తం ఖాతాలోంచి ఆటో డెబిట్ పెట్టుకోండి. కొన్ని నెలల్లో గళ్లు మొదలవుతాయి. స్కోరు కోసమని అవసరం లేని లోను మాత్రం తీసుకోకండి.

(సభలోంచి: "యాప్ లోన్లు కూడా ఇందులో పడతాయా?")

రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థ వెనకాల ఉంటే పడతాయి. రెండు వేల రూపాయలైనా పడుతుంది. ఇప్పుడు కొనుక్కోండి, తర్వాత కట్టండి అనేవి కూడా చాలావరకు అప్పులే. నియంత్రణ లేనివి రిపోర్టులో కనిపించవు, మనుషుల్ని తినేస్తాయి. 2020లో హైదరాబాదులో పోలీసులు ఆ యాప్‌ల వసూళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు మనమంతా చూశాం, వాళ్ల వేధింపులకు ప్రాణాలు పోయాయి. 2022 సెప్టెంబరు నుంచి నియమమేమిటంటే, లోను డబ్బు అప్పిచ్చే సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి. మీ కాంటాక్టులూ ఫోటోలూ యాప్ తీసుకోకూడదు. ఈ రెండింట్లో ఏది తప్పినా ఆ యాప్ తీసేయండి. ఇప్పటికే బెదిరింపులొస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. దయచేసి ఒక్కరే మోయకండి.

రిపోర్టులో తప్పు కనిపిస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైటులోనే డిస్ప్యూట్ అని, అంటే అభ్యంతరం చెప్పే చోటు, ఉంటుంది. తప్పున్న ఖాతా ఎంచుకుని రుజువులు పెట్టండి, అదే రోజు బ్యాంకుకూ రాయండి. ముప్పై రోజుల్లో సరిచేయాలి. 2024 ఏప్రిల్ నుంచి, ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదులు విచారించే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫిర్యాదుకు ఫీజు లేదు. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ రాసిపెట్టుకోండి, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. లోను తీరితే ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి ఉంటే, తీరిన ముప్పై రోజుల్లో తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకివ్వాలి. ఇది 2023 డిసెంబరు నుంచి ఉంది. నెలన్నర తర్వాత మళ్లీ రిపోర్టు తీసి, ఆ ఖాతా ఎదురుగా క్లోజ్డ్ అని, బాకీ సున్నా అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

సరే, ఎంతమందికి రిపోర్టు వచ్చింది? చేతులెత్తండి... చాలామందికే వచ్చిందే. అయితే ఒక్కటొక్కటిగా చదువుదాం. ముందు పేరు, చిరునామా, పాన్ సరిగా ఉన్నాయా చూడండి. తర్వాత ఖాతాలు లెక్కపెట్టండి, మీకు గుర్తున్నవి ఎన్ని, అక్కడున్నవి ఎన్ని. రెండు లెక్కలూ కలవనివాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి, ముందు మీవే చూస్తాను.